బండి తాగే బియ్యం

1

సాహిత్య విమర్శకు కేటాయించిన పత్రికలో పెట్రోలు మీద వ్యాసమేమిటని కొందరు మిత్రులు ఆశ్చర్యపోవచ్చు. నా సమాధానం సులువు. విమర్శకుడి మొదటి పని మాటల్ని పరీక్షించడం. కవుల మాటల్నే పరీక్షిస్తాను, పాలకుల నినాదాల జోలికి పోను అనే విమర్శకుడు సగం పని ఎగ్గొట్టినవాడే. కొన్నేళ్ళుగా మన చెవుల్లో మోగుతున్న నినాదాన్నొకదాన్ని తీసుకుందాం: ‘అన్నదాత ఇంధనదాత అవుతున్నాడు.’ హిందీలో అన్నదాతకు ఊర్జాదాతను జతచేసి తయారుచేసిన ఈ మాట వినడానికి ఇంపుగానే ఉంటుంది. రైతు నెత్తిన రెండో కిరీటం పెట్టినట్టు ధ్వనిస్తుంది. అయితే అన్నదాత ఇంధనదాత కావాలంటే ముందు అన్నం ఇంధనం కావాలి గదా! ఈ చిన్న తర్కాన్ని నినాదం కడుపులో దాచుకున్నది. దాన్ని బయటికి లాగడమే నా ఉద్దేశం.

ముందు విషయం చెప్పుకుందాం. ఇథనాలంటే మరేమీ కాదు, సారాయిలో మత్తెక్కించే పదార్థమే. చెరకు మడ్డి నుంచీ, చెరకు రసం నుంచీ, బియ్యం, మొక్కజొన్నల నుంచీ పులియబెట్టి, కాచి, అందులోని నీటిని దాదాపు పూర్తిగా తీసేసి పెట్రోలులో కలుపుతారు. ఇది నిన్నటి ఊహ కాదు. 1948లోనే మన దేశంలో ఇండియన్ పవర్ ఆల్కహాల్ చట్టమని ఒకటి వచ్చింది. చక్కెర మిల్లుల్లో మిగిలిపోయే మడ్డికి అదొక వినియోగం. ఆ చట్టం 2000లో రద్దయింది. 2003లో తొమ్మిది రాష్ట్రాలలో నూటికి అయిదు పాళ్ళు కలపడంతో కొత్త పథకం మొదలైంది. 2018 జీవ ఇంధన విధానం ఇరవై పాళ్ళ లక్ష్యాన్ని 2030కి పెట్టింది. 2022లో ఆ గడువును 2025–26కు ముందుకు జరిపారు. ఆ యేడే జూనులో పది పాళ్ళు చేరుకున్నామన్నారు. 2023 ఫిబ్రవరిలో ఇరవై పాళ్ళ పెట్రోలు కొద్ది బంకుల్లో ప్రవేశించింది. 2025 నాటికి అది దేశమంతటా మామూలు పెట్రోలైపోయింది.

ఈ వేగాన్ని పాలకులు విజయమంటున్నారు. నేను అడిగేది వేరు. బంకు దగ్గర నిలబడ్డ మనిషికి ‘నాకు ఇథనాలు కలపని పెట్రోలు కావాలి’ అని అడిగే హక్కు ఎక్కడ పోయింది? ఎవరు తీసేశారు? తీసేసినందువల్ల ఎవరికి లాభం, ఎవరికి నష్టం?

2

వివాదంలో మొట్టమొదట తేల్చుకోవలసింది భౌతిక వాస్తవం. ఆవేశంతో అది మారదు, ప్రచారంతోనూ మారదు.

లీటరు పెట్రోలులో ఉన్న ఉష్ణశక్తిలో లీటరు ఇథనాలులో ఉన్నది మూడింట రెండు వంతులే. కనక ఇరవై పాళ్ళు కలిపినప్పుడు మొత్తం మీద నూటికి ఆరు, ఏడు పాళ్ళ శక్తి తగ్గుతుంది. ఇది శత్రువులు పుట్టించిన పుకారు కాదు. 2021 జూనులో నీతి ఆయోగ్ వెలువరించిన నిపుణుల నివేదికే ఈ సంగతి చెప్పింది. పాత ఇంధనానికి రూపొందించి పది పాళ్ళకు సవరించిన కార్లలో ఆరు నుంచి ఏడు శాతం, అటువంటి ద్విచక్ర వాహనాలలో మూడు నుంచి నాలుగు శాతం మైలేజీ పడిపోతుందని అందులో ఉంది.

ఇథనాలుకు గుణాలు లేవని నేననను. దాని ఆక్టేను ఎక్కువ. దాని కోసమే తయారైన ఇంజనులో అది చక్కగా మండుతుంది, పొగలో కార్బన్ మోనాక్సైడు తగ్గుతుంది. కాని ‘దాని కోసమే తయారైన ఇంజను’ అన్న షరతును మరిచిపోకూడదు. పెట్రోలు పూర్తిగా మండడానికి ఒక పాలుకు సుమారు 14.7 పాళ్ళ గాలి కావాలి. ఇథనాలుకు తొమ్మిది పాళ్ళు చాలు. కార్బురేటరుకు ఈ తేడా తెలియదు. పాత లెక్క ప్రకారమే గాలీ ఇంధనమూ కలిపి పంపుతుంది, ఇంజను పలచని మిశ్రమంతో వేడెక్కుతుంది. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన కొత్త బండ్లలో ఇంధనాన్ని కొలిచి పంపే ఏర్పాటుంది. అంతకు ముందు కొన్న బండ్లు? ఆ బండ్లు ఎవరి దగ్గరున్నాయి? పాలవాడి దగ్గర, కూరగాయల మూట కట్టుకుపోయేవాడి దగ్గర, రెండో చేతి బండి కొనుక్కుని ఇల్లిల్లూ తిరిగి భోజనం పొట్లాలు అందించే కుర్రవాడి దగ్గర ఉన్నాయి.

పైగా ఇథనాలు కొన్ని రకాల రబ్బరును ఉబ్బిస్తుంది, కొన్ని లోహాలను తినేస్తుంది. ఇరవై పాళ్ళను తట్టుకునే భాగాలతో బండ్లు తయారుచేయడం 2023 ఏప్రిల్ నుంచే మొదలైంది. మంత్రిత్వశాఖ 2025 ఆగస్టులో ఇచ్చిన వివరణలో, పాత బండ్లకు చెప్పుకోదగ్గ నష్టమేమీ లేదనీ, ఇరవై, ముప్పై వేల కిలోమీటర్ల తర్వాత కొన్నిటిలో రబ్బరు భాగాలు, గాస్కెట్లు మార్చవలసి రావచ్చుననీ, అది చౌక పనేననీ అన్నది. సరే, ఆ మాటే నిజమనుకుందాం. చౌక పని ఎవరి ఖర్చు మీద? చౌకైతే మంత్రిత్వశాఖే భరించవచ్చును గదా!

లెక్క వేసి చూడండి. హైదరాబాదులో 2025లో పెట్రోలు లీటరు 107 రూపాయలు. రోజుకు మూడు లీటర్లు కాల్చే కుర్రవాడికి మూడు, నాలుగు శాతం నష్టమంటే రోజుకు పది, పన్నెండు రూపాయలు. ఏడాదిలో మూడు వందల రోజులు తిరిగితే మూడు వేల పైచిలుకు. అది అతని పిల్లల పుస్తకాల డబ్బు. ఏ శాసనసభా ఈ పన్ను వెయ్యలేదు, ఏ బడ్జెట్టులోనూ ఇది కనిపించదు. కాని వసూలవుతున్నది.

ఇందులో అసలు మోసం మరొకటుంది. నిపుణుల నివేదిక నష్టాన్ని ఒప్పుకుని ఊరుకోలేదు. ఇథనాలు కలిపిన పెట్రోలు ధర మామూలు పెట్రోలు కన్న తక్కువ ఉండాలని సిఫారసు చేసింది. పాత బండ్ల రక్షణ కోసం పది పాళ్ళ పెట్రోలును కూడా అందుబాటులో ఉంచాలన్నది. ఈ రెండు మాటలూ కాగితం మీదనే మిగిలాయి. లక్ష్యాన్ని మాత్రం అయిదేళ్ళు ముందుకు లాగారు. ధర తగ్గించరేమని అడిగితే 2025లో వచ్చిన జవాబు: ఇథనాలు సేకరణ ధరే సగటున లీటరు 71 రూపాయలు దాటింది, శుద్ధిచేసిన పెట్రోలు కన్న అదే ఖరీదైంది! శక్తి తక్కువ, ఖరీదు ఎక్కువ. అటువంటి సరుకును వద్దనే వీలు లేకుండా అమ్మడాన్ని మన భాషలో ఏమనాలో పాఠకులే చెప్పాలి.

వద్దనే వీలు బొత్తిగా లేదనడం కూడా పూర్తి నిజం కాదు. పెద్ద నగరాల్లో కొన్ని బంకుల్లో నూరు ఆక్టేను పెట్రోలు దొరుకుతుంది, అందులో ఇథనాలు కలపరని ప్రతీతి. అది 2020లో వచ్చినప్పుడే లీటరు 160 రూపాయలు. అంటే విదేశీ మోటారు సైకిలున్నవాడికి స్వేచ్ఛ ఉన్నది. వర్గ సమాజంలో స్వేచ్ఛ ఎప్పుడూ లీటర్ల లెక్కనే అమ్ముడుపోతుంది కాబోలు.

3

బండి ఆగితే తోసుకుని ఇంటికి పోవచ్చు. నడిసముద్రంలో పడవ ఆగితే ఎక్కడికి పోవాలి?

ఈ ప్రశ్న మన చర్చల్లో దాదాపు వినిపించదు. పట్టణాల్లో కూర్చుని వాదించుకునేవాళ్ళకు పెట్రోలంటే కారు, స్కూటరు మాత్రమే. మన తూర్పు తీరంలో మరపడవలు ఎక్కువ భాగం డీజిలుతోనే నడుస్తాయి, నిజమే. కాని చిన్న ఫైబరు పడవల వెనక తగిలించే అవుట్‌బోర్డు మోటార్లలో పెట్రోలుతో నడిచేవీ ఉన్నాయి. ఏటి పడవలకు, వరదల్లో జనాన్ని ఒడ్డుకు చేర్చే రక్షణ పడవలకు కూడా అటువంటి మోటార్లే.

ఇథనాలుకు నీరంటే మక్కువ. గాలిలోని తేమను కూడా పీల్చుకుంటుంది. నీరు ఒక హద్దు దాటి చేరితే ఇథనాలు పెట్రోలును వదిలేసి ఆ నీటితో కలిసి ట్యాంకు అడుగుకు దిగుతుంది. రసాయనశాస్త్రం చెప్పే ఉపాధ్యాయులు జాగ్రత్తలన్నీ తీసుకుని దీన్ని పిల్లలకు చూపించవచ్చు. కొలజాడీలో వంద మిల్లీలీటర్ల ఇరవై పాళ్ళ పెట్రోలు పోసి, పది మిల్లీలీటర్ల నీరు కలిపి, మూత పెట్టి కుదిపి ఉంచండి. అడుగున నీటి పొర పది దగ్గర ఆగదు. ఇరవై అయిదు దాటుతుంది. పెట్రోలులో ఉన్న సారాయంతా కిందికి దిగిందన్నమాట.

ట్యాంకులో జరిగేదీ ఇదే. ఇంజనుకు ఇంధనం తీసే గొట్టం అడుగునే ఉంటుంది కనక మొదట ఇంజనులోకి పోయేది ఆ సారాయి నీళ్ళే. రెండు స్ట్రోకుల మోటారులో పెట్రోలుతో పాటు కలిపే కందెన నూనె పై పొరలోనే ఉండిపోతుంది. కింది పొరలో నూనె లేదు. నూనె లేని ఇంజను పట్టేస్తుంది. పైన మిగిలిన పెట్రోలు కూడా ఆక్టేను పోగొట్టుకున్న నాసిరకం సరుకే. కలపని పెట్రోలులోకి నీరు పోదా అంటే పోతుంది. కాని ఆ నీరు కొద్దిగా అడుగున చేరుతుంది, వడగట్టి తీసేస్తే పెట్రోలు పెట్రోలుగానే ఉంటుంది. ఇథనాలు పాలు పెరిగేకొద్దీ మిశ్రమం నీటిని కొంచెం ఎక్కువగా భరిస్తుందని సమర్థకులు చెప్పేది నిజమే. కాని విడిపోవడమంటూ జరిగితే దిగే పొర కూడా అంత మందంగా ఉంటుంది.

ఇప్పుడు మన తీరం సంగతి ఆలోచించండి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా అరవై ఒక్క రోజులు సముద్రంలో మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమది, నిషేధం అవసరమే. ఆ రెండు నెలలూ పడవలు ఇసుక మీద ఉంటాయి. ఉప్పుగాలి, ఉక్కపోత, మధ్యలో ఈదురుగాలి వానలు. ట్యాంకులో మిగిలిన పెట్రోలుకు నీరు చేరడానికి ఇంతకన్న మంచి అదను ఉండదు. జూన్ 15న ఆశతో సముద్రం మీదికి పోయిన మనిషి మోటారు పది మైళ్ళ దూరాన ఆగిపోతే, మైలేజీ ‘స్వల్పంగా’ తగ్గిందన్న వివరణ అతన్ని ఒడ్డుకు చేర్చదు.

ఈ సంగతి ప్రపంచానికి తెలియనిదా? అమెరికా ప్రభుత్వం 2010, 2011 సంవత్సరాలలో పదిహేను పాళ్ళ ఇథనాలుకు అనుమతి ఇచ్చినప్పుడు దాన్ని 2001, ఆ తర్వాతి నమూనాల కార్లకే పరిమితం చేసింది. పడవలలో, మోటారు సైకిళ్ళలో, పచ్చిక కోసే యంత్రాలలో అది వాడరాదని నిషేధించి, ఆ మాట పంపు మీద చీటీ అంటించి చెప్పాలన్నది. అక్కడ పడవల రేవుల్లో ఇథనాలు కలపని పెట్రోలు వేరుగా దొరుకుతుంది. అక్కడి పెట్టుబడిదారులకు దయాగుణం ఎక్కువని నేను చెప్పడం లేదు. అక్కడ పడవలున్నది ఎక్కువగా డబ్బున్నవారికి. విహారానికి పోయేవాడి మోటారుకు దొరికిన రక్షణ వేటకు పోయేవాడి మోటారుకు దొరకలేదు. పదిహేను పాళ్ళు పడవకు పనికిరాదని ఒక దేశం రాసిపెడితే, ఇరవై పాళ్ళు పోస్తూ మన దేశం ఒక్క చీటీ కూడా అంటించదు.

బ్రెజిల్‌ను చూడండని అనేవారున్నారు. తప్పక చూద్దాం. బ్రెజిల్ 1975లో ఈ పథకం మొదలుపెట్టింది. 2003 నుంచి ఎంత పాళ్ళనైనా భరించే ఇంజన్లతో కార్లు వచ్చాయి. ఆ తర్వాతనే ఇరవై ఏడు పాళ్ళు, 2025 ఆగస్టులో ముప్పై పాళ్ళు అయింది. అక్కడ బంకులో విడి ఇథనాలు, కలిపిన పెట్రోలు రెండిటి ధరలూ రాసి ఉంటాయి. ఇథనాలు ధర పెట్రోలు ధరలో నూటికి డెబ్భై దాటకపోతేనే కొనడం లాభమని సామాన్యుడికి కూడా తెలుసు. ఇంజనును ముందు మార్చి, ధరలో తేడా చూపి, ఏభై యేళ్ళు నడిచిన దారిని చూపించి, మన దగ్గర ఇంజను మార్చకుండా, ధర తగ్గించకుండా, పదేళ్ళైనా ఆగకుండా ఒకే దూకు దూకించారు.

4

ఇక మన మిత్రుల వాదాలకు వస్తాను. పాలకులను ఖండించడం సులువు. మనలో మనం తేల్చుకోవలసినవే కష్టం.

మొదటి వాదం: ‘ఇది కార్లవాళ్ళ గోల, మధ్యతరగతి సణుగుడు. శ్రామికవర్గ సాహిత్యకారులకు దీనితో ఏం పని?’ ఈ మాట అనేవాళ్ళు ఒక ఉదయం కూలీల అడ్డా దగ్గర నిలబడి చూస్తే బాగుండును. తాపీ మేస్త్రీ ఏ బండి మీద వస్తున్నాడో, రంగులు వేసేవాడు తన సామగ్రిని దేనిమీద తెస్తున్నాడో చూడాలి. బస్సులు తగ్గిపోయిన ఊళ్ళలో మోటారు సైకిలు ఇప్పుడు పనిముట్టు. పనిముట్టును పాడుచేసే విధానాన్ని విలాసం మీద విమర్శగా కొట్టిపారెయ్యడం వర్గ దృష్టి అనిపించుకోదు.

రెండో వాదం మరింత గంభీరమైనది, గౌరవించదగ్గది. ‘విదేశీ చమురు మీద ఆధారపడటమే సామ్రాజ్యవాద బంధం. దాన్ని సడలించే ఏ ప్రయత్నాన్నయినా మనం బలపరచాలి’ అంటారు. ప్రభుత్వం కూడా ఈ భాషే మాట్లాడుతున్నది. 2014–15 నుంచి 2025 జూలై దాకా లక్షా నలభై వేల కోట్ల రూపాయల పైచిలుకు విదేశీమారకం మిగిలిందని చెబుతున్నది. ఆ లెక్కను ఉన్నదున్నట్టు తీసుకుందాం. ఆ పదేళ్ళలోనే మన చమురులో దిగుమతుల వాటా 78 శాతం ప్రాంతం నుంచి 88 శాతం దాటింది. కారణాలు వాడకం పెరగడం, మన బావుల్లో ఉత్పత్తి తగ్గడం. మనం కాల్చే డీజిలు పెట్రోలుకు రెండింతలకు పైగా ఉంటుంది, దాన్ని ఈ పథకం తాకనే తాకదు. పోనీ చెరకు, మొక్కజొన్న ఊరికే పండుతాయా? వాటికి వేసే యూరియా తయారయ్యేది చాలా భాగం దిగుమతి సహజవాయువుతో. ఒక గొలుసు తెంచామని చెప్పి అదే గొలుసుకు మరో కొస పట్టుకోవడమిది.

చమురు బంధం నిజంగా సడలాలంటే పల్లెపల్లెకూ బస్సు, పట్టణం పట్టణానికీ రైలు కావాలి. నలభై మందిని మోసే బస్సు నలభై మోటారు సైకిళ్ళ పెట్రోలును మిగులుస్తుంది. కాని బస్సు నడిపితే బండ్ల కంపెనీకి లాభం లేదు, సారాయి బట్టీకి లాభం లేదు. అందుకే ఆ మార్గం ‘ఆధునికం’ కాదట.

5

అసలు విషయం ఇప్పుడు వస్తుంది. ఇంజను సంగతి ఎవరో ఒక ఇంజనీరు రేపు సరిచెయ్యవచ్చు. ఆకలిని సరిచేసే ఇంజనీరు లేడు.

కిలో బియ్యం నుంచి సుమారు అర లీటరుకు కాస్త తక్కువ ఇథనాలు వస్తుంది. ముప్పై అయిదు లీటర్ల కారు ట్యాంకు నింపితే అందులో ఏడు లీటర్లు ఇథనాలు. అంతా బియ్యం నుంచే అయితే పదిహేను కిలోల పైమాట. ఆహార భద్రతా చట్టం కింద ఒక మనిషికి నెలకు ఇచ్చేది అయిదు కిలోలు. కారు ఒక్కసారి కడుపు నింపుకుంటే ముగ్గురి నెల రేషను పోయిందన్నమాట.

ఇది ఊహాగణితం కాదు. 2023 జూలైలో బియ్యం ధరలకు భయపడి ఇథనాలు కంపెనీలకు ఆహార సంస్థ బియ్యం ఆపేశారు. ఆ డిసెంబరులో చెరకు రసం మీద కూడా ఆంక్ష పెట్టారు. అంటే తిండికీ ఇంధనానికీ పోటీ ఉన్నదని పాలకులకు తెలుసు. తెలిసి కూడా 2024–25 ఇథనాలు సంవత్సరానికి 52 లక్షల టన్నుల బియ్యం కేటాయించారు. ధర కిలో ఇరవై రెండున్నర రూపాయలు. ఆ బియ్యం సేకరించి, నిల్వచేసి, మోసేటందుకు ప్రభుత్వానికయ్యేది నలభై రూపాయల ప్రాంతం. తేడా ఎవరిస్తున్నారు? మీరూ నేనూ. మనిషికి ఏడాదికి అరవై కిలోల చొప్పున చూస్తే ఆ 52 లక్షల టన్నులు ఎనిమిదిన్నర కోట్ల మందికి పైగా ఏడాది రేషను.

గిడ్డంగులు నిండి పొర్లుతున్నాయి, కుళ్ళిపోయే బదులు ఇథనాలైతే తప్పేమని అడుగుతారు. నేను అడిగేది: కుళ్ళిపోయేంత బియ్యం ఉంటే ఆకలిగా ఉన్నవాడికి ఎందుకు అందలేదు? చట్టం కింద రేషను పొందేవారి సంఖ్య 2011 జనాభా లెక్కల మీదనే ఆగిపోయింది. ఆ తర్వాత పుట్టిన కోట్లాది మంది ఆ లెక్కలో లేరు. కార్డు లేని మనిషికి నిబంధన అడ్డొచ్చింది, బట్టీకి ఏ నిబంధనా అడ్డురాలేదు.

మొక్కజొన్నదీ ఇదే కథ. ఎన్నో ఏళ్ళు మొక్కజొన్న ఎగుమతి చేసిన దేశం 2024లో బర్మా, ఉక్రెయిన్‌ల నుంచి దిగుమతి చేసుకోవలసి వచ్చింది. కోళ్ళ మేత ఖరీదెక్కి కోళ్ళ రైతులు మొరపెట్టుకున్నారు. దిగుమతి తగ్గించడానికి పుట్టిన పథకం మరో దిగుమతిని కన్నది! ఈ దారిలో ముందు నడిచిన అమెరికాలో మొక్కజొన్న పంటలో మూడోవంతుకు పైగా బట్టీలకు పోతుంది. 2007 జనవరిలో మెక్సికో నగరంలో వేలాది జనం రొట్టెల ధర పెరిగిందని వీధుల్లోకి వచ్చారు. వాళ్ళ రొట్టె మొక్కజొన్నదే. ఆ యేడే ఐక్యరాజ్యసమితి ఆహారహక్కు ప్రతినిధి జీన్ జీగ్లర్ తిండిపంటను ఇంధనానికి మళ్ళించడం మానవజాతి పట్ల నేరమన్నాడు.

నీటి సంగతి? చెరకు నుంచి లీటరు ఇథనాలుకు 2,860 లీటర్ల నీరు ఖర్చవుతుందని నీతి ఆయోగ్ నివేదికలోనే ఉంది. బావుల్లో నీరు అడుగంటుతున్న దేశంలో ఇది నీటిని కాల్చడమే.

‘రైతుకు మేలు’ అన్న మాట మిగిలింది. బోధను వైపు పోయి చూడండి. ఒకనాడు ఆసియాలోనే పెద్దదని పేరు మోసిన నిజాం చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతబడింది. దేశమంతా ఇథనాలు పొంగుతున్న కాలమంతా ఆ గొట్టాల నుంచి పొగ రాలేదు. చెరకు రైతు మీద ప్రేమే ఈ పథకానికి పునాది అయితే ఆ ప్రేమ బోధను దాకా ఎందుకు నడవలేదు?

ప్రేమ ఎలా ఉంటుందో తెలియాలంటే మరో మూడు ఊళ్ళకు పోవాలి. నారాయణపేట జిల్లా చిత్తనూరులో ఇథనాలు ఫ్యాక్టరీ కాలుష్యానికి వ్యతిరేకంగా 2023లో జనం రోడ్డెక్కారు, పోలీసులతో ఘర్షణ జరిగింది. నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో 2024 నవంబరులో ఆడామగా జాతీయ రహదారి మీద బైఠాయిస్తేనే గాని ఫ్యాక్టరీ పనులు ఆగలేదు. జోగులాంబ గద్వాల జిల్లా పెద్ద ధన్వాడలో 2025 జూనులో ప్రతిఘటించిన రైతులు జైలుకు పోయారు. ఇంధనదాత అని బిరుదిచ్చి, ఆ ఇంధనం మా ఊళ్ళో వద్దన్న అన్నదాతను అరెస్టు చెయ్యడం. నినాదానికి ఇంతకన్న వ్యాఖ్యానం అక్కరలేదు.

6

కలపని పెట్రోలు ఎంచుకునే వీలు కల్పించమని, పంపు మీద పాళ్ళు స్పష్టంగా రాయమని కోరుతూ వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యాన్ని 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు కొట్టివేసింది. పిటిషను వెనక పెద్ద ప్రయోజనాలున్నాయని ప్రభుత్వం వాదించింది. ఉండవచ్చు. చమురు కంపెనీ మనకు మిత్రుడు కాడు. బట్టీ యజమానీ మిత్రుడు కాడు. ఇద్దరు పెట్టుబడిదారులు పోట్లాడుకుంటున్నప్పుడు ఇద్దరిలో ఒకరి పక్షం చేరడం ప్రగతివాదుల పని కాదు, నోరుమూసుకు చూడడం కూడా కాదు. మన కోర్కెలు మనకుండాలి.

నేననేవి ఇవి. తిండిగింజను బట్టీకి పంపరాదు. మడ్డి, పొట్టు, గడ్డి వంటి వ్యర్థాలతో ఎంత ఇథనాలు వస్తే అంతే కలపాలి. 1948లో ఆలోచించింది ఆ హద్దు లోపలే. పాళ్ళెంతో ప్రతి పంపు మీదా తెలుగులో రాయాలి. పాత బండ్లకు, తీరం వెంట పడవలకు కలపని పెట్రోలు మామూలు ధరకే దొరకాలి. కలిపినదాని ధర దానిలోని శక్తిని బట్టి తగ్గాలి. ఏ ఊళ్ళో ఫ్యాక్టరీ పెట్టినా ముందు ఆ ఊరి గ్రామసభ అంగీకారం ఉండాలి. ఇందులో విప్లవమేమీ లేదు. ఉన్నదంతా అడగవలసినవాళ్ళు అడగకపోవడం వల్ల నిలిచిపోయిన మామూలు న్యాయమే. 2025లోనే ఇరవై దాటి ఇంకా పైకి పోదామన్న చర్చ మొదలైంది కనక ఈ మాటలు ఆలస్యం చెయ్యడానికి వీల్లేదు.

ఉపాధ్యాయ మిత్రులు కొలజాడీలో ఆ ప్రయోగం చూపించండి. విద్యార్థులు బంకు దగ్గర నిలబడి, వచ్చినవాణ్ణి అడిగి, ఎవరి బండి ఏ సంవత్సరానిదో, మైలేజీ ఎంత పడిపోయిందో రాసుకోండి. రేవుకు పోయి మోటారు బాగుచేసే మనిషితో మాట్లాడండి. ఆ ప్రయోగంలో అడుగుకు దిగినదేమిటో, పైన తేలినదేమిటో ఒకసారి చూసిన పిల్లవాడికి, ఈ సమాజంలో ఎవరు అడుగున ఉన్నారో, వాళ్ళ నెత్తిమీద ఎవరు తేలుతున్నారో వేరే పాఠం చెప్పనక్కరలేదు.